ముటుప్ ఇంటి పొగ

మొన్న ఊట దగ్గర బిందె నింపుకుంటుంటే, ఈ ఏడే మా ఊరికి కోడలిగా వచ్చిన పిల్ల నా పక్కన చేరి గుసగుసగా అడిగింది.

"ఆచే, ఆ ముటుప్ తాత మిద్దె నిండా కట్టెలు పెట్టుకుని, అవి తరిగిపోతాయని కన్నతల్లిని చలికి వదిలేశాడట గదా? ఆవిడ కాలివేళ్ళు మూడు కోసేశారట?"

"ఎవరు చెప్పారే నీకు?"

"అందరూ అంటారు."

"ఆ అందరిలో మొట్టమొదటిదాన్ని నేనే," అన్నాను. వేళాకోళం ఆడుతున్నానేమో అని ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. చూసి, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మా ఊళ్ళో కర్ర పట్టుకు నడిచే ముసలాళ్ళ దగ్గర్నించి నిన్నమొన్న మాటలు నేర్చిన పిల్లల దాకా అందరికీ నేను ఆచేనే, అంటే అక్కనే. ఎవరింట్లో ఏ కుండలో ఏముందో నాకు తెలియాలి. తెలియకపోతే ముద్ద దిగదు. ఈ గుణం వల్ల నాలుగు మంచిపనులు జరిగాయి, ఒక పాడుపని కూడా జరిగింది. ఆ పాడుపని ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో తిరుగుతోంది. నాలుగో తరగతి చదువు నాది, అక్షరం తప్పు పోతే దిద్దుకోండి. విషయంలో తప్పు మాత్రం ఇంక ఉండనివ్వను.

ముటుప్ నేతగాడు. మా జంస్కార్‌లో గోంచాల గుడ్డ, అంటే మేం తొడుక్కునే పొడుగు ఉన్ని అంగీల గుడ్డ, మగవాళ్ళే నేస్తారు. ఆడవాళ్ళం ఉన్ని వడికి ఇస్తే, వాళ్ళ నాన్న నేశాడు, తర్వాత ముటుప్ నేశాడు. ఊళ్ళో పద్నాలుగిళ్ళు, పద్నాలుగిళ్ళలో ఎవరి వంటి మీద చూసినా ఆ ఇంటి గుడ్డే. కొలత తీసుకోవడం అతనికి చిన్నతనం. మనిషి గుమ్మం దాటి లోపలికి వస్తుండగానే కంటితో కొలిచేసేవాడు. ఒకసారి నేను ఉన్ని ముద్దలు పట్టుకెళ్ళి, "కొలత తీసుకోవా?" అంటే, "నీకెందుకు ఆచే, మీ ఇంటి తలుపు ఎంత వెడల్పో చెప్పు చాలు," అన్నాడు. ఆ ఉన్ని ముద్దతోనే నెత్తిన మొట్టాను. నేస్తున్నంతసేపూ పాటే. గొంతు బాగుండేది కాదు. అయినా పాట వినబడకపోతే వీధి చిన్నబోయినట్టు ఉండేది.

పెళ్ళాం రెండో ఏడే జబ్బు చేసి పోయింది. మళ్ళీ చేసుకోమంటే, "మగ్గానికి సవతి ఎందుకు?" అనేవాడు. అతనూ, మేమంతా అబీ, అంటే అవ్వ, అని పిలిచే తల్లి కుంజెసూ, ఆ మగ్గమూ. అంతే సంసారం.

ఒక్కటే పట్టుదల అతనిది: ఎవరిదీ ఊరికే తీసుకోడు. గిన్నె నిండా వెన్న టీ పోస్తే అడుగున రెండు గుక్కలు వదిలి లేచేవాడు, పూర్తిగా తాగితే మనకేదో లోటు చేసినట్టు. అది వాళ్ళ నాన్న నేర్పిన బుద్ధి. ఆయన బతికుండగా ఆ ఇంటి మిద్దె మీద పిట్టగోడ చుట్టూ పేర్చిన కట్టెల వరస ఊళ్ళోకెల్లా ఎత్తుగా ఉండేది. మా దగ్గర ఇంటి పరువు మిద్దె మీద ఉంటుంది. లోపల పిండి ఎంత ఉందో ఎవరికీ కనబడదు, కట్టెల వరస దారినపోయే ప్రతివాడికీ కనబడుతుంది. ఆ వరస చూసే సంబంధాలు అడుగుతారు, ఆ వరస చూసే లామా ఇంట్లోకి వచ్చి కూర్చుంటాడు. అన్ని ఎండుకట్టెలూ కాలుస్తామని కాదు. ఏడాది పొడుగునా పిడకలే పొయ్యిలో పెడతాం, వరస మటుకు అలా నిలబడి ఉండాలి.

ఇంక ఆ ఏడు సంగతి.

అప్పటికి రెండేళ్ళుగా అబీ కుంజెస్‌కి కళ్ళు మసకబారాయి. కళ్ళు లేని మనిషి వేసవిలో పై పచ్చికకి వెళ్ళి పేడ ఏరలేదు, కాబట్టి ఆ ఇంట్లో పిడకలు తక్కువ. శరత్తులో ముటుప్ తల్లిని గుర్రం మీద ఎక్కించుకుని, తర్వాత లారీ పట్టుకుని, కార్గిల్ తీసుకెళ్ళాడు కంటి ఆపరేషన్‌కి. అక్కడ వరసలో పడి ఇరవై రోజులు ఆగాల్సి వచ్చింది. ఇక్కడ వాగు ఒడ్డు చెట్ల కొమ్మలు నరికేది ఏడాదికి ఒక్కరోజే. ఆ రోజు గొడ్డలి పట్టుకుని ఎవరు నిలబడితే వాళ్ళదే. వాళ్ళు తిరిగొచ్చేసరికి చెట్లన్నీ గుండు కొట్టించుకున్న లామాల్లా ఉన్నాయి.

ముటుప్ ఇల్లూ మాదీ కలిపి నాలుగిళ్ళకి ఒకటే కులదేవత. పుట్టుకకీ చావుకీ ఒకళ్ళ గుమ్మంలో ఒకళ్ళం ఉంటాం. తలా ఒక మోపు ఇద్దామని అనుకున్నాం. మొదటి మోపు నేనే వీపున వేసుకుని వెళ్ళాను, లోపల ఏముందో చూడొచ్చని కూడా అనుకోండి.

"ఇదేంటి ఆచే, మా ఇల్లేమన్నా లామాల గోంపానా, మొక్కు తెచ్చావు?" అన్నాడు ముటుప్.

"వాగకు. దింపు."

"దింపను. మా పొయ్యికి పక్కింటి కట్టె రుచి తెలీదు. ఇప్పుడు మప్పితే రేపు అదే కావాలంటుంది."

"మీ నాన్న వరస మీ నాన్నతోనే పోయిందిరా. పరువు పొయ్యిలో మండదు."

"మండుతుంది, మండుతుంది. చూస్తూ ఉండు."

నవ్వుతూనే అన్నాడు. నాకు టీ పోసి, గోంచా మోచేతుల దగ్గర మాసిక వేసుకోమని రెండు మూరల గుడ్డ ముక్క ఇచ్చి, నా మోపు నా వీపునే ఎక్కించి పంపించాడు. మిగతా రెండిళ్ళవాళ్ళు అది విని వెళ్ళనే లేదు. వారం తిరక్కుండా అతని మిద్దె మీద వరస లేచింది. రొమ్ము ఎత్తున, దువ్వి పెట్టినట్టు, చివరలన్నీ సమంగా. "ఎక్కడిదిరా?" అంటే, "పై లోయలో దొరికింది," అన్నాడు. అన్నీ తవ్వి తవ్వి అడిగే నేను అప్పుడు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. నమ్మడమే హాయిగా ఉంది.

లోసర్, అంటే మా కొత్త సంవత్సరం పండగ, వెళ్ళిన పది రోజులకి మంచు మొదలైంది. మొదటి రోజు మామూలు మంచే. రెండో రోజు ఆకాశం ఎక్కడుందో నేల ఎక్కడుందో తెలియలేదు. గాలి పైనుంచి కాదు, పక్కనుంచి కొట్టింది. పూటకోసారి చెక్కపార తీసుకుని మిద్దె ఎక్కడం, మంచు కిందికి తొయ్యడం. తోసింది వీధిలో పేరుకుని, మూడో రోజుకి వీధి మిద్దెల ఎత్తుకి వచ్చేసింది. తలుపులు పూడిపోయాయి. మట్టి మిద్దె, బరువు ఆగితే కూలుతుంది. అందుకని వండుకున్నా వండుకోకపోయినా పార మాత్రం ఆగకూడదు. మా ఆయన చేతులు పార పిడికి అతుక్కుపోతే గోరువెచ్చని నీళ్ళు పోసి విడదీశాను. ఇంటికీ ఇంటికీ మధ్య నడక లేదు. గాలి తగ్గినప్పుడు మిద్దె మీంచి మిద్దెకి కేకలే.

అలాంటప్పుడు మాకు ఒక పద్ధతి ఉంది. మా ఇల్లు అన్నిటికంటే పైన. పొద్దున్నే నేను మిద్దె ఎక్కి కింది ఇళ్ళ పొగలు చూడాలి. పద్నాలుగు పొగలూ లేస్తే ఊరు బతికున్నట్టే. ఏ ఇంటి పొగ లేవకపోతే, నేను రేకుడబ్బా వాయిస్తాను, ఆ ఇంటి పక్కవాళ్ళు ఎంత మంచైనా తవ్వుకుని వెళ్ళాలి. ఈ పని మా అత్త చేసేది, ఆవిడ తర్వాత నాకొచ్చింది. ఊరివాళ్ళు, "ఆచేకి చెప్పేదేముంది, పని లేకపోయినా చూసేదేగా," అన్నారు.

ఆ మంచులో రెండో రోజు దిస్కిత్ ఇంటి పొగ లేవలేదు. డబ్బా వాయించాను. పక్కింటి జోర్గ్యాసూ అతని అన్నా పూటంతా తవ్వి, మిద్దె మీది కంతలోంచి దూకి చూస్తే, మొగుడూ పెళ్ళాలు ఛంగ్ తాగి గుర్రు పెడుతున్నారు. దిస్కిత్ లేచి, "ఎవరు పోయారు?" అందట. "మీరే!" అని జోర్గ్యాస్ కేకేస్తే, అంత గాలిలోనూ ఊరంతా నవ్వింది.

ముటుప్ ఇంటి పొగకి మాత్రం ఏ రోజూ లోటు లేదు. అందరికంటే ముందు లేచేది. తెల్లగా, దట్టంగా.

"ఏరా ముటుప్, పెళ్ళి పొయ్యి వెలిగించావా?" అని అరిచాను మూడో రోజు.

"అమ్మకి చలెక్కువ ఆచే!" అని కేక వచ్చింది.

జోర్గ్యాస్ తన మిద్దె మీంచి, "ఒక్కడివే తొయ్యలేవు, నేను నీ మిద్దె మీదికి రానా?" అన్నాడు.

"వద్దు వద్దు! నా మిద్దె మెత్తబడింది, నీ బరువుకి కూలిందంటే మళ్ళీ నీకే పని!"

నాలుగో రోజు గాలి ఇటు తిరిగి ఆ పొగ నా ముక్కుకి తగిలింది. పిడక వాసన కాదు, కొమ్మ వాసనా కాదు. ఏళ్ళ తరబడి ఉన్నిజిడ్డూ వెన్నా పట్టిన పాతకర్ర వాసన. నా ముక్కుకి తెలిసింది. కాళ్ళు మాత్రం కదల్లేదు. డబ్బా నా పక్కనే ఉంది, వాయించలేదు. పొగ లేవలేదని వాయించాలి గాని, పొగ వాసన వేరుగా ఉందని వాయిస్తే నవ్వరా అనుకున్నాను. పద్నాలుగూ లేచాయిగా అనుకున్నాను. ఒళ్ళు హూనమై ఉంది అనుకున్నాను. ఇవన్నీ నిజాలే. నిప్పు లేందే పొగ రాదనే నమ్మకం కూడా ఒకటి ఉంది గదా మనుషులకి.

ఆరో రోజు ఎండ కాసింది. అందరికంటే ముందు నేనే దిగాను, మంచులో నడుం దాకా కూరుకుంటూ. తలుపు పూడి ఉంది కాబట్టి ముటుప్ ఇంటికి మిద్దె మీంచే వెళ్ళాలి. మిద్దె మీద కట్టెల వరస, లోపలివైపంతా మంచు పేరుకుని, పైన మంచు టోపీ పెట్టుకుని నిలబడి ఉంది. ఒక్క పుల్ల కదల్లేదు. ఐదు రోజులు అంత పొగ రేపి ఒక్క పుల్ల తగ్గలేదేమిటి అనుకుంటూ నిచ్చెన దిగాను.

లోపల చలి బయటికంటే గట్టిగా ఉంది. నీళ్ళకుండ పగిలి, మంచుగడ్డ కుండ ఆకారంలో నిలబడి ఉంది. అబీ కుంజెస్ మీద గొర్రెతోళ్ళు, గోంచాలు, నేసిన గుడ్డ తానులు, ఇంట్లో ఉన్నవన్నీ. పాదాలు విప్పి చూశాను. ఎడమ కాలి వేళ్ళు నల్లబడి బిగుసుకుపోయి ఉన్నాయి. ముటుప్ చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"ఏం చేశావురా ఇది? పైన అన్ని కట్టెలు పెట్టుకుని ఏం చేశావురా?"

లేచి, తల్లి పాదాల మీద మళ్ళీ తోళ్ళు కప్పాడు.

నేనూ జోర్గ్యాసూ ముసలమ్మని మోసుకుని మా ఇంటికి తెచ్చాం. రెండు రోజులకి అమ్చీ వచ్చాడు, మందులిచ్చాడు, మూడు వేళ్ళు తీసేశాడు. ఈ రెండు రోజుల్లో నేను దిస్కిత్‌తో ఒక్క ముక్క అన్నాను. "వరస వరసలాగే ఉందే, ఒక్క పుల్ల తియ్యలేదు. తల్లి కాళ్ళు చూస్తే బొగ్గు." అంతే అన్నాను. చూసిందే చెప్పాను. అందులో పిసినారి అనే మాట లేదు. ఆ మాట ఊరు కలుపుకుంది. సాయంత్రానికి అది నా చెవికే తిరిగి వచ్చింది, ఎవరో తెలియనివాళ్ళ బిడ్డలా. నాది కాదన్నట్టు ఊరుకున్నాను.

ముసలమ్మ మా ఇంట్లో నెలన్నర ఉంది. రోజూ పాదాలకి వెన్న రాసేదాన్ని. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు.

"అబీ, ఒకటడుగుతాను. ఏమనుకోకు."

"అడక్కుండా ఇన్నాళ్ళు ఎలా ఉన్నావే? నీకూ జబ్బు చేసిందేమో అనుకుంటున్నాను," అంది.

"వాడికి అంత పిసినారితనం ఎప్పుడు పట్టుకుంది?"

ముసలమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. "పిసినారితనమా! ఆ వరస వెనక్కి వెళ్ళి చూశావా నువ్వు? ముందొక్క పొరే కట్టెలు. దాని వెనక ముళ్ళకంపా రాళ్ళూను. అది నిలబెట్టడానికి రెండు రోజులు పట్టింది వాడికి. మంచు పడ్డ మూడో రోజుకే పిడకలైపోయాయి. పీట పెట్టాడు పొయ్యిలో. పెట్టె పెట్టాడు. గొర్రెల కొట్టం తలుపు పెట్టాడు. ఆఖరికి మగ్గం. పడుగు దారాలు ఒక్కొక్కటీ విప్పి ఉండ చుట్టి పక్కన పెట్టి, నాడె పెట్టాడు, పన్నె పెట్టాడు, దూలాలు పెట్టాడు. అవి కూడా ఒక్కసారి మండనిస్తే వేడన్నా పుట్టేది. తడిగడ్డి కప్పేవాడు పైన. పొగ బాగా లేవాలిగా! నా కొడుకు పొగ పెట్టాడు గాని నిప్పు పెట్టలేదే."

నేను ఆవిడ రెండో పాదం ఒళ్ళోకి తీసుకున్నాను.

"కళ్ళు బాగుచేయించుకొచ్చి ఏం చూశాను చెప్పు? మా ఆయన మగ్గం పొయ్యిలోకి పోవడం చూశాను."

"మరి ఆ ముందు పొరన్నా తియ్యొచ్చుగా అబీ? అవి కట్టెలేగా!"

"అదే అన్నాను. నాలుగు తియ్యరా అన్నాను. 'తీస్తే సందు పడుతుందమ్మా, వెనక కంప కనబడుతుంది. ఆచే పొద్దున్నే చూస్తుంది' అన్నాడు."

నా చేతిలో వెన్న అలాగే ఉండిపోయింది.

"ఊరికి నిజం చెప్తాను," అన్నాను. "పిసినారి అనే మాట పోతుంది."

ముసలమ్మ నా మణికట్టు పట్టుకుంది. "చెప్పకు. నాకు మాటివ్వు. వాడు ఉండీ పెట్టనివాడు అనిపించుకుని బతకగలడు. లేనివాడు అనిపించుకుని బతకలేడు."

మాటిచ్చాను. నా జన్మలో నిలబెట్టుకున్న రహస్యం అదొక్కటే. ఆవిడ ఇంకో ఎనిమిదేళ్ళు బతికింది, కుంటుకుంటూ, కొడుకుని తిట్టుకుంటూ, కొడుకు చేతి ముద్దే తింటూ. పోయేముందు కూడా నా వైపు చూసి పెదాల మీద వేలు పెట్టింది.

ముటుప్ మళ్ళీ మగ్గం కట్టలేదు. మా ఉన్ని అవతలి ఊరి నేతగాడికి పోవడం మొదలైంది. అతను రోడ్డు పనికి వెళ్ళి రాళ్ళు కొట్టాడు. పాట ఆగిపోయింది. మా దగ్గర పెళ్ళికైనా పండగకైనా వరసలో కూర్చుంటాం. పొయ్యి పక్క పెద్దల చోటు, అక్కణ్ణించి దిగుతూ దిగుతూ తలుపు దాకా. వచ్చినవాడు మర్యాదకి కిందే కూర్చోబోతాడు, అందరూ చెయ్యి పట్టుకుని "పైకి, పైకి" అని లాగుతారు. ఒక్కో పెళ్ళిలో ఈ లాగుడుకే పూట గడిచిపోతుంది. ఆ మంచు తర్వాత వచ్చిన మొదటి పండక్కి ముటుప్ తలుపు పక్కన, చెప్పుల దగ్గర కూర్చున్నాడు. జోర్గ్యాస్ సగం లేచి, అటూ ఇటూ చూసి, మళ్ళీ కూర్చున్నాడు. ఎవరూ పైకి అనలేదు. నాకు తెలుసు, నేనూ అనలేదు. లేచి చెయ్యి పట్టుకుంటే ఎందుకని అడుగుతారు, అడిగితే నా నోట్లోంచి నిజం జారుతుంది అని భయం. ఇంకా నిజం చెప్పాలంటే, అతని కళ్ళలోకి చూసే మొహం నాకు లేదు. దానికి బదులు ఏం చేసేదాన్నంటే, చలికాలం మొదట్లో ఎవరూ చూడకుండా అతని గుమ్మం ముందు ఒక మోపు పడేసి వచ్చేదాన్ని. దారిలో ఎదురైతే తల దించుకుని పక్కకి తప్పుకునేదాన్ని. ఆ మోపు మర్నాటికి అలాగే మా గుమ్మంలో ఉండేది.

ఊట దగ్గర ఆ పిల్ల అడిగిన నాలుగో రోజున లోసర్ వచ్చింది. గుంపులో ముటుప్ ఎప్పటిలా చెప్పుల దగ్గర కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది, కంటితో కొలిచే చూపు మాత్రం అలాగే ఉంది. ఆడవాళ్ళ వరసలో పొయ్యి పక్కనున్న నా చోటు వదిలి, నేను కిందికి నడిచి, తలుపు దగ్గర అతని పక్కన చతికిలబడ్డాను.

"ఆచే! పైకి! పైకి రా!" అని ఒకటే గోల.

"మీ పొగకి నా కళ్ళు మండుతున్నాయి. నాకిక్కడే గాలి బాగుంది. మీ పని చూసుకోండి," అని కసిరాను. దిస్కిత్ లేవబోతే కళ్ళెర్రజేశాను.

ముటుప్ కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. ఇద్దరికీ టీ పోశారు. గిన్నె చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"మీ అమ్మ నాకంతా చెప్పింది," అన్నాను. "ఎప్పుడో చెప్పింది."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆ రోజునించి నువ్వు నన్ను తిట్టడం మానేశావు."

గిన్నె కింద పెట్టి అడిగేశాను.

"నా ఇంట్లో ఆ ఏడు కట్టెలు నిండా ఉన్నాయి. ఒక్క కేక వేస్తే మంచు తవ్వుకుని వచ్చేదాన్ని. నా మూలంగానే ఆగావు. ఆచే చూస్తుందన్నావట. అంతేనా? నా నోటికేగా భయపడ్డావు? ఊరంతా టముకు వేస్తానని."

ముటుప్ తల అడ్డంగా ఊపాడు. నా వైపు తిరిగాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నేను తల దించుకోలేదు.

"నీ నోటికి ఎవడు భయపడతాడు ఆచే? నువ్వు చెప్పుంటే నాలుగు రోజులు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. చూసి, జాలిపడి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటావేమో అని భయపడ్డాను. అదే చేశావు."